రొయ్యల గుంటలో బయటపడ్డ పెంకులు, సముద్రం మింగిన పట్నం కథ: ఊరి చరిత్ర ఎక్కడ మొదలుపెట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ ఊరు కావలికి తూర్పున, బకింగ్‌హామ్ కాలువ దాటాక ఉంది. పోయిన నెల రొయ్యల గుంట తవ్వుతుంటే పెద్ద పెద్ద ఇటుకలు, మట్టి ఒరలు, నలుపూ ఎరుపూ కలిసిన కుండ పెంకులు, ఆకుపచ్చగా మెరిసే ఒక గిన్నె ముక్క వచ్చాయి. అవి ఏ కాలానివి? మీ ఊరు ఒకప్పుడు పెద్ద రేవు పట్నమనీ, సముద్రం మింగేసిందనీ పెద్దలు చెప్పేది నిజమేనా? ఊరి చరిత్ర రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? చివర్లో, మీ మామయ్య అక్కడ గుప్తనిధి ఉందంటున్నాడని కూడా రాశారు. మామయ్య సంగతి తర్వాత చూద్దాం.

తవ్వకం ఇంకా నడుస్తోందా? నడుస్తుంటే ఇది చదవడం ఆపి ముందు గుంట దగ్గరికి వెళ్లండి. ఏ వస్తువు ఏ గట్టు వైపు వచ్చిందో, ఎంత లోతులో వచ్చిందో ప్రొక్లెయినర్ డ్రైవర్ని అడిగి రాసుకోండి. బకెట్ పళ్లు ఇటుకకు తగిలి కీచుమన్న చోటు డ్రైవరు మర్చిపోడు. గుంటకు నీళ్లు పెట్టాక మాత్రం ఎవరూ ఏమీ చెప్పలేరు.

నేను సర్వే శాఖలో చేసి రిటైరైన వాణ్ణి. ముత్తుకూరు నుంచి విడవలూరు, అల్లూరు, కావలి మీదుగా ఉలవపాడు దాకా గొలుసు లాగించుకుంటూ తిరిగిన ఉద్యోగం. సరిహద్దు రాళ్లు వెతుకుతుంటే అక్షరాలున్న రాళ్లు కనబడేవి, అలా ఈ పిచ్చి అంటుకుంది. అందుకే నా జవాబులో రాజుల కంటే గట్లు, సర్వే నంబర్లే ఎక్కువ ఉంటాయి.

వస్తువు ఎంత పాతదో అని అందరూ అడుగుతారు. అది ఏ మట్టిలో, ఏ వస్తువుల పక్కన దొరికిందో తెలిస్తేనే ఆ ప్రశ్నకు జవాబు వస్తుంది. మన నెల్లూరులోనే దీనికి మంచి ఉదాహరణ ఉంది. 1780లలో నెల్లూరు దగ్గర ఒక రైతు రాళ్ల గుట్ట పక్కన దున్నుతుంటే నాగలి ఇటుక కట్టుబడికి తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక ముంత, ముంతలో రోమన్ బంగారు నాణేలు. రోమన్ చక్రవర్తులు ట్రాజన్, హేడ్రియన్, రాణి ఫాస్టినాల పేరుతో వేసినవి, అంటే క్రీ.శ. రెండో శతాబ్దం నాటివి. రైతు వాటిని పాత బంగారం కింద అమ్మేశాడు, చాలావరకు కరిగిపోయాయి. నవాబు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా రాబట్టాడు. మద్రాసు గవర్నరుగా చేసిన అలెగ్జాండర్ డేవిడ్‌సన్ వాటిని చూసి 1787లో ఒక ఉత్తరం రాశాడు. కొన్ని టంకశాల నుంచి నిన్ననే వచ్చినట్టు కొత్తగా ఉన్నాయట. కొన్ని బాగా అరిగి, చిల్లులు పడి ఉన్నాయట, దండకో మెడలోకో ఆభరణంగా వేసుకుని ఉంటారని ఆయన ఊహ. ఇంత శ్రద్ధగా చూసిన మనిషి కూడా ఆ పొలం ఏ ఊరిదో రాయలేదు. నాణేల కథ ప్రపంచమంతా తెలిసింది. ఆ గుడి ఏమిటో, దాని చుట్టూ ఊరుండేదో లేదో ఈ రోజుకీ ఎవరూ చెప్పలేరు. ఊరి పేరు ఒక్క ముక్క రాసి ఉంటే చాలు, మనం వెళ్లి చూసేవాళ్లం.

ఇక మీ వస్తువుల సంగతి.

ఇటుకతో మొదలుపెడదాం. టేపుతో పొడవు, వెడల్పు, మందం కొలవండి. పొడవు అడుగున్నర దాటి, వెడల్పు అందులో దాదాపు సగం, మందం మూడంగుళాల అటూ ఇటూ ఉంటే అది శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలపు, అంటే ఇంచుమించు పదిహేడువందల నుంచి రెండువేల ఏళ్ల కిందటి ఇటుక కొలతలకు దగ్గర. విరిగిన చోట చూస్తే వరి పొట్టు కాలిపోయిన గుర్తులు కనిపించవచ్చు. కుంపినీ (ఈస్టిండియా కంపెనీ) కాలపు ఇటుకలు చాలా చిన్నవి, వాటికి సున్నం అంటుకుని ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. పాత ఇటుక దొరికితే మనవాళ్లు వదలరు. శాతవాహనుల ఇటుకతో నూరేళ్ల కిందట కట్టిన బావి గట్టును నేనే చూశాను. కాబట్టి ఇటుకలు వరస కట్టి ఉన్నాయా, చెల్లాచెదురుగా వచ్చాయా అన్నది ముఖ్యం. వరస కట్టి ఉంటే మాత్రం ఆ మూల ఇక తవ్వనివ్వకండి.

మట్టి ఒరలు బావివి. ఇప్పుడు సిమెంటు ఒరలు దించినట్టే అప్పుడు కాల్చిన మట్టి ఒరలు ఒకదాని మీద ఒకటి దించేవాళ్లు. ఇసుక నేలలో బావి తవ్వితే గోడ నిలవదు, అందుకే మన తీరమంతా ఇవి దొరుకుతాయి. శాతవాహనుల కాలంలో బాగా వాడుకలో ఉన్నాయి గానీ తర్వాత కూడా మానలేదు, కాబట్టి ఒరను బట్టి కాలం తేల్చలేం. బావి అడుగున పడి ఉన్న పెంకులు తేల్చగలవు. చేద తెగి పడిపోయిన ముంతలు, పగిలిన కడవలు అడుగున అలాగే ఉండిపోతాయి. బావి పూడ్చకముందు ఎవరైనా అడుగు మట్టి తీసి పక్కన పోశారేమో కనుక్కోండి.

నలుపు–ఎరుపు పెంకులు లోపల నల్లగా, బయట అడుగు భాగం ఎర్రగా, అంచు దగ్గర మళ్లీ నల్లగా ఉంటే అవి పాతవే. రాక్షస గుళ్లు అని మనవాళ్లు పిలిచే పెద్దరాతి సమాధుల కాలం నుంచి శాతవాహనుల దాకా ఈ కుండలు నడిచాయి. వంట చేసి మసి పట్టిన కుండ కూడా నలుపూ ఎరుపుగా కనిపిస్తుంది, తేడా పట్టుకోవాలి. మసి గోకితే ఊడుతుంది. అసలైన నలుపు–ఎరుపు పెంకులోని నలుపు కుండ కాల్చేటప్పుడు పట్టిన రంగు, గోకినా పోదు. వీటితో పాటు సన్నటి బూడిదరంగు పళ్లెం ముక్కలు, లోపలి వైపు చిన్న చిన్న చుక్కలు వలయాలుగా తిరిగినవి కనబడితే జాగ్రత్తగా దాచండి. వాటిని రౌలెటెడ్ పాత్రలంటారు. పుదుచ్చేరి దగ్గర అరికమేడులో గుర్తించినప్పటి నుంచి తూర్పు తీరపు రేవుల్లో వీటి కోసం అందరూ వెతుకుతారు.

నల్లబడ్డ సీసపు బిళ్లలు ఏమైనా దొరికాయా? మీరు రాయలేదు. రెండు తెరచాపల ఓడ బొమ్మ వేసిన శాతవాహనుల సీసపు నాణేలు ఈ కోస్తాలోనే దొరుకుతాయి. దొరికితే దయచేసి చింతపండు పెట్టి తోమకండి. ఇత్తడి చెంబు తోమినట్టు తోమితే బొమ్మ కూడా పోతుంది.

మీరు పంపిన ఫొటోలో నన్ను బాగా లాగింది ఆ ఆకుపచ్చ ముక్క. ఫొటో పైనుంచి తీశారు, నాకు దాని అడుగు కావాలి. చైనా నుంచి వచ్చిన ఆకుపచ్చ పింగాణీ అయితే, విరిగిన అంచులో మట్టి బూడిదరంగుగానో తెల్లగానో, రాయిలాగా గట్టిగా ఉంటుంది. గోరుతో గీస్తే గీత పడదు. పైపూత మందంగా, లోపల సన్నటి గాలి బుడగలతో ఉంటుంది, అడుగు వలయం దగ్గర సాధారణంగా పూత లేక మట్టి కనబడుతుంది. మట్టి ఎర్రగా, మెత్తగా ఉండి పైపూత రేకులుగా ఊడుతుంటే అది వేరే రకం. నీలం–తెలుపు ముక్కలు దొరికితే ఇంకా అనుమానంగా చూడాలి. వాటిలో చాలావరకు నూరు, నూటయాభై ఏళ్ల కిందటి విలాయతీ పళ్లేలే. బొమ్మలో చుక్కలు అచ్చు గుద్దినట్టు ఒకే తీరుగా ఉంటే అవి మిషను మీద తయారైనవి.

మీది నిజంగా చైనా పింగాణీయే అయితే అది ఒంటరిది కాదు. పాత నెల్లూరు జిల్లాలో కోట వైపున్న కొత్తపట్నంలో తవ్వితే 13, 14 శతాబ్దాల చైనా పాత్రల ముక్కలు బాగా దొరికాయి. (ఒంగోలు దగ్గర కూడా కొత్తపట్నం ఉంది. రెంటినీ కలిపేసి రాసిన వ్యాసాలు చాలా చూశాను, మీరు కలపకండి.) కృష్ణపట్నం సంగతీ అంతే. అక్కడి గుడిలో 13వ శతాబ్దపు తమిళ శాసనంలో ఆ రేవును కొల్లిత్తురై అనీ, గండగోపాలపట్టణమనీ పిలిచారు. గండగోపాలుడు అన్నది నెల్లూరేలిన తెలుగు చోడుల బిరుదు. మనుమసిద్ధి కొలువులో తిక్కన ఉన్న కాలానికి అటూ ఇటూ, ఈ రేవుల్లో చైనా గిన్నెలు దిగుతున్నాయన్నమాట. నెల్లూరు తీరంలో తమిళ శాసనం కనబడితే కంగారు పడక్కర్లేదు, ఇక్కడ అవి మామూలే.

ఇక సముద్రం మింగిన పట్నం.

ఈ కథ నేను వినని పాలెం లేదు. రాత్రిళ్లు అలల కింద గుడి గంటలు మోగుతాయని కూడా చెబుతారు. కథను కొట్టిపారేయను గానీ, నేల మాత్రం చాలాచోట్ల దానికి ఎదురు సాక్ష్యం చెబుతుంది. మీ ఊరి నుంచి పడమరగా కాలువ దాటి నడవండి. పల్లపు నేల, తర్వాత తాడిచెట్లో జీడిమామిడి చెట్లో ఉన్న ఇసుక మెరక, మళ్లీ పల్లం, మళ్లీ ఇసుక మెరక, ఇలా వరసగా వస్తాయి. తీరానికి సమాంతరంగా పోయే ఆ మెరకలు ఒకప్పటి సముద్రపు ఒడ్లు. సుమారు ఆరువేల ఏళ్ల కిందట సముద్రం ఇప్పుడున్న మట్టానికి దగ్గరగా వచ్చింది. ఆ తర్వాత పెన్న తెచ్చిన మట్టితో, అలలు పోసిన ఇసుకతో పెన్న డెల్టాలో నేల తూర్పుకు పెరుగుతూ పోయింది. అంటే పాత రేవు కోసం సముద్రంలోకి చూడటం కంటే పడమర వైపు చూడటం మేలు. పాత ఊళ్లు ఆ మెరకల మీదే ఉంటాయి, పల్లంలో ఉండవు. మీ గుంట ఏదైనా మెరకను కోసి తవ్వారా? నాకు అదే అనుమానం.

మరి రేవులు ఎందుకు చచ్చాయి? మన దగ్గర ఓడలు తిన్నగా ఒడ్డుకు రావు. చిన్న పడవలు ఏటి మొగలోకో వాగు మొగలోకో వచ్చి సరుకు దించేవి. ఈ తీరంలో అలలు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకను దక్షిణం నుంచి ఉత్తరానికి ఈడ్చుకుపోతాయి. ఆ ఇసుక మొగకు అడ్డంగా మేట వేస్తే ఏరు పక్కకు తిరిగి ఇంకోచోట తెగుతుంది. రేవు పొడి నేల మీద మిగులుతుంది, వర్తకులు మూట సర్దుకుని కొత్త మొగ దగ్గరికి పోతారు. రెండు తరాలు గడిచాక పాత రేవులో మిగిలినవాళ్లు పట్నం ఏమైందంటే ఏం చెప్పాలి? సముద్రం మింగిందంటారు. సముద్రం నేలను కోసిన చోట్లు లేవనడం లేదు. బ్రేక్‌వాటర్ కడితే దక్షిణాన ఇసుక మేట వేసి ఉత్తరాన ఒడ్డు కోసుకుపోవడం ఈ రోజుల్లో కళ్లముందే జరుగుతోంది. తుఫానుకు ఇళ్లు పోయిన పాలేలూ ఉన్నాయి. కానీ పెద్ద పట్నం మొత్తం మునగడం వేరే సంగతి.

రేవు అంటే ఎలా ఉండేదో తెలియాలంటే ఒకసారి మోటుపల్లి వెళ్లి రండి. మొన్నటిదాకా ప్రకాశం జిల్లా, 2022 నుంచి బాపట్ల జిల్లా. వీరభద్రస్వామి గుడి మండపంలో కాకతి గణపతిదేవుడు 1244–45లో వేయించిన అభయశాసనం ఉంది. అంతకుముందు గాలివానకు దారి తప్పి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ రాజులు లాగేసుకునేవారట. తాము అలా చెయ్యమనీ, నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోమనీ అందులో మాట ఇచ్చాడు. ఎగుమతికైనా దిగుమతికైనా ముప్పయ్యో వంతు. తర్వాత గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టునూలు, మిరియాలు, వక్కలు ఇలా సరుకుల వారీగా లెక్క. చదువుతుంటే చెక్‌పోస్టు బోర్డులా ఉంటుంది. మార్కోపోలో ముత్‌ఫిలి అని రాసింది ఈ రేవునే. సాలెగూడంత సన్నటి బట్ట ఇక్కడ నేస్తారన్నాడు. రాణి గురించి కూడా రాశాడు, ఆమె రుద్రమదేవే. ఇంత పేరున్న మోటుపల్లి ఈ రోజు చూస్తే ఒక గుడి, నాలుగు వీధులు. సముద్రం మింగలేదు, అక్కడే ఉంది. వ్యాపారమే లేచిపోయింది.

దుగరాజపట్నమూ అంతే. ఇంగ్లీషువాళ్లు 1626లో అక్కడ దిగి కోట కట్టుకున్నారు, వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. దక్షిణాన పులికాట్‌లో డచ్చివాళ్లు అప్పటికే పాతుకుపోయి ఉన్నారు. ఆర్మగాన్‌లో గుడ్డ వ్యాపారం సాగక, అక్కడి ఇంగ్లీషువాళ్లకు పెద్ద అయిన ఫ్రాన్సిస్ డే 1639లో ఇంకా దక్షిణానికి పోయి కొత్త చోటు సంపాదించాడు. అదే మద్రాసు. ఆ రోజు గుడ్డ బాగా దొరికి ఉంటే ఏమయ్యేదోనని నెల్లూరు వాళ్లం సరదాగా అనుకుంటూ ఉంటాం.

మీ ఊరు వీటిలాంటి రేవు అని ఇప్పుడే రాసేయకండి. పెంకులను బట్టి చూస్తే ఊరు ఉంది, ఒకటి కంటే ఎక్కువ కాలాల్లో ఉండి ఉండొచ్చు. అంతవరకే చెప్పగలం.

మూడో ప్రశ్న నాకు ఇష్టమైనది. చరిత్ర రాయడం పుస్తకాలతో కాకుండా ఊరి మ్యాపుతో మొదలుపెట్టండి. మండల సర్వేయర్ దగ్గర గ్రామ పటం నకలు అడగండి. ఎఫ్‌ఎంబీలు (పొలాల కొలతల పుస్తకాలు), పాత ఆర్‌ఎస్‌ఆర్ (భూముల సెటిల్‌మెంట్ రిజిస్టరు), ఫెయిర్ అడంగల్ (సర్వే నంబర్ల వారీ భూముల రిజిస్టరు) కూడా చూడండి. పోరంబోకుల్లో దిబ్బ, కోట, పాటి అని రాసి ఉన్న నంబర్లు ఎర్రపెన్నుతో గుర్తు పెట్టుకోండి. పాటిదిబ్బ అంటే పాత ఊరున్న చోటు, ఆ మన్ను ఎరువుగా బాగుంటుందని మన తాతలు బండ్లకెత్తి చేలకు తోలుకునేవాళ్లు. అందుకే పాత ఊరి పెంకులు రెండు మైళ్ల దూరంలో చేలల్లో కూడా దొరుకుతాయి, అది చూసి ఊరు అంతదాకా ఉండేదని లెక్కలు వేయకూడదు. గుడి మాన్యాలు, సత్రం మాన్యాలు, చెరువు మాన్యాలు ఇనాం ఫెయిర్ రిజిస్టర్లో ఉంటాయి. 1860 ప్రాంతంలో ఇనాం కమిషన్ ఊరూరా విచారించి రాసిన రిజిస్టర్లు అవి. ఎవరిచ్చారు, ఎప్పుడిచ్చారు, ఇప్పుడెవరు అనుభవిస్తున్నారు అన్నది కాలమ్‌ల వారీగా ఉంటుంది. ఊరికి ఇంతకంటే మంచి అద్దం నాకు కనబడలేదు. కాకపోతే దస్తావేజుల గదిలో దుమ్ముకు మాస్క్ పెట్టుకోండి.

ఏ ఆఫీసులో వెతకాలో తెలియక చాలామంది మధ్యలో వదిలేస్తారు. మీ కావలి ఎప్పుడూ నెల్లూరే కాబట్టి సులువు. మీ పక్క కందుకూరు వాళ్లయితే 1970 దాకా నెల్లూరు, తర్వాత ఒంగోలు జిల్లా (1972లో ప్రకాశం అని పేరు మారింది), 2022లో మళ్లీ నెల్లూరు. ఒంగోలు వైపు వాళ్లది ఇంకోరకం, 1904 దాకా నెల్లూరు జిల్లా, ఆ తర్వాత గుంటూరు, 1970 నుంచి సొంత జిల్లా. ఏ ఏటి కాగితం కావాలో దాన్ని బట్టి జిల్లా మారుతుంది.

శాసనాలకైతే 1905లో బట్టర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి అచ్చు వేయించిన నెల్లూరు జిల్లా శాసనాల మూడు సంపుటాలు తాలూకాల వారీగా ఉన్నాయి, ఒంగోలు, కందుకూరు వైపు ఊళ్లు కూడా అందులో దొరుకుతాయి. అందులో మీ ఊరి పేరుంటే ఆ రాయి ఇప్పటికీ అక్కడ ఉందో లేదో వెళ్లి చూడండి. లేకపోతే బట్టలుతికే బండలు, గుడి మెట్లు, కాలువ తూము రాళ్లు తిరగేసి చూడండి. ఎండలో అక్షరాలు కనబడవు. రాత్రి చీకట్లో టార్చి రాయికి ఒక పక్కన ఆనించి వెలుగు అడ్డంగా పడేలా పట్టుకోండి, పగలు నున్నగా కనిపించిన బండ మీద అక్షరాలు లేచి నిలబడతాయి. అప్పుడు ఫొటో తీయండి. సుద్ద, సున్నం, పసుపు పూయకండి. "శకవర్షంబులు" అన్న మాట తర్వాత వచ్చే అంకెకు 78 కలిపితే ఇంచుమించు క్రీస్తు శకం వస్తుంది. చదవడం రాకపోతే ఫొటో మైసూరులోని కేంద్ర పురావస్తు శాఖ శాసన విభాగానికి పంపండి. గుడికి కొత్తగా రంగులు వేయిస్తున్నారంటే మాత్రం నాకు టెన్షన్. శాసనం ఉన్న స్తంభానికి ఎనామెల్ పెయింట్ కొట్టిస్తే దాన్ని చదవడం గగనం. గ్రైండింగ్ మిషను పెట్టించారంటే ఇక ఏమీ మిగలదు.

కుంపినీ సర్వేయరు మెకంజీ దొర మనుషులు ఊరూరా తిరిగి కరణాల దగ్గర రాయించిన కైఫీయతులు, అంటే ఊళ్ల వృత్తాంతాలు, ఉన్నాయి. ఆయన 1821లో పోయాడు, కాబట్టి వాటిలోది అంతకుముందు మాట. మద్రాసు ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో చూడొచ్చు. అందులో కొంత కల్పన ఉంటుంది, ముఖ్యంగా ఊరికి పేరెలా వచ్చిందన్న చోట. చెరువులు, గుళ్లు, పన్నుల దగ్గర మాత్రం నమ్మొచ్చు.

ఇవన్నీ భూమి ఉన్నవాళ్ల చరిత్ర. లేనివాళ్లది ఎక్కడుంది? తీరపు ఊళ్లలో సగం మంది పేరు ఇనాం రిజిస్టర్లో కనిపించదు. ఇక్కడ చర్చి పుస్తకాలు పనికొస్తాయి. 1876–78 కరువులో జనం పిట్టల్లా రాలిపోతుంటే ఒంగోలు బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని కూలి పని చూపించాడు. పని అయ్యాక 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. వాళ్లలో ఎక్కువమంది మాదిగలు. అప్పటిదాకా ఏ కరణమూ పేరు పెట్టి రాయని మనుషుల పేర్లు బాప్తిస్మం రిజిస్టర్లలోకి ఎక్కాయి. మీ ఊళ్లో పాత చర్చి ఉంటే పాస్టరుగారిని మర్యాదగా అడిగి చూడండి. కాలువను ఊరికే నీటిగుంటలా చూడకండి. అప్పటి గవర్నరు డ్యూక్ ఆఫ్ బకింగ్‌హామ్ పేరు పెట్టుకున్న ఆ కాలువలో చాలా భాగం కరువు కూలీల చేతుల మీద తవ్వింది. పెదగంజాం నుంచి మద్రాసు దాటి మరక్కాణం దాకా ఉప్పు, కట్టెలు, ధాన్యం పడవల మీద పోయేవి. మీ ఊరి దగ్గర లాకు ఉంటే దాని రాతి మీద సంవత్సరం చెక్కి ఉందేమో చూడండి.

పాలెంలోకి వెళ్లినప్పుడు పట్టపు పెద్దకాపులతో, అంటే అక్కడి జాలర్ల కులపెద్దలతో, కూర్చోండి. ఎవరు ఎక్కడినుంచి వచ్చారు, ఏ పాలెంతో వియ్యం ఉంది, వేట హద్దు ఎంతవరకు, ఏ తప్పుకు దురాయి (పెద్దలు పెట్టే కట్టు) వేశారు, ఇవన్నీ వాళ్ల నోటనే ఉన్నాయి, కాగితం మీద లేవు. యానాదుల్ని అడిగితే ఏ దిబ్బలో ఏమి దొరుకుతుందో సర్వేయరు కంటే బాగా చెబుతారు. ఏ సంవత్సరమని అడిగితే ముసలివాళ్లు చెప్పలేరు. 1989 కావలి తుఫానుకు ముందా తర్వాతా, సునామీకి ముందా, నీ పెళ్లికి ముందా అని అడగండి, లెక్క దానంతటదే తేలుతుంది. ఉప్పు కొఠార్లలో పనిచేసినవాళ్లు మిగిలి ఉంటే తొందరపడండి. 1930లో మైపాడు, దేవరంపాడు లాంటి చోట్ల ఉప్పు సత్యాగ్రహం జరిగినట్టు పుస్తకాల్లో ఉంటుంది. ఆ ఉప్పు తయారుచేసిన కూలీకి మూటకు ఎంత ఇచ్చేవారో మాత్రం పుస్తకాల్లో వెతికితే దొరకదు.

చివరికి మామయ్య. 1878 నాటి నిధుల చట్టం ఇప్పటికీ అమల్లో ఉంది. నేలలో దాగిన వస్తువు విలువ పది రూపాయలు దాటితే దొరికినవాళ్లు కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. చెప్పకుండా దాస్తే శిక్ష. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన విగ్రహం, నాణెం లాంటివాటిని లైసెన్సు లేకుండా అమ్మే వ్యాపారం నేరం, దేశం దాటించడం ఇంకా పెద్ద నేరం. అమావాస్య రాత్రి నిమ్మకాయలు కోసి తవ్వే బ్యాచ్‌లు మన జిల్లాలో చాలా గుళ్ల పీఠాలు పెకలించాయి, నాకు తెలిసి ఒక్కడూ ధనవంతుడు కాలేదు. మామయ్యతో ఈ మాట మెల్లగా చెప్పండి. తహశీల్దారుకు ఒక కాగితం రాసి, ఒక నకలు జిల్లా పురావస్తు శాఖకు పంపి, రెంటికీ రసీదు తీసుకోండి. గుంట యజమానికి ముందే చెప్పి చేయండి, లేకపోతే రేపటినుంచి ఎవరూ మిమ్మల్ని తమ గట్టెక్కనివ్వరు. పొలం లాగేసుకుంటారన్న భయంతోనే చాలామంది రాత్రికి రాత్రి మట్టి కప్పించేస్తారు. కాసిని పెంకులు దొరికినంత మాత్రాన ఎవరూ పొలం తీసుకోరని ఆయనకు అర్థమయ్యేలా చెప్పాలి.

చుట్టుపక్కల గుల్ల కుప్పలు కనబడితే ఆదిమానవుడని మురిసిపోకండి. సున్నం బట్టీల కోసం తెచ్చి పోసిన గుల్ల ఈ తీరమంతా ఉంది. బట్టీ అయితే పక్కన బూడిద, కాలిన మట్టి గడ్డలు ఉంటాయి.

ఈ ఆదివారం ఆకుపచ్చ ముక్కను అడుగు వైపు, విరిగిన అంచు వైపు, లోపలి వైపు మూడు ఫొటోలు తీయండి. పక్కన స్కూలు స్కేలు పెట్టండి. ఎండలో కాకుండా వసారాలో తీస్తే పూత మెరవదు. కడగాలనుకుంటే ఉత్త నీళ్లు, మెత్తటి బ్రష్ చాలు. ఒక్కో చోట దొరికినవి ఒక్కో కవర్లో వేసి, సర్వే నంబరు, గట్టు దిక్కు, లోతు రాసిన చీటీ లోపల పెట్టండి. కవరు పైన రాస్తే చెమటకు చెరిగిపోతుంది, పెన్సిలుతో రాసిన చీటీ చెరగదు. ఫొటోలతో పాటు గ్రామ పటంలో మీ గుంట ఉన్న చోటు గుర్తుపెట్టి పంపండి. ఆ గుంట ఇసుక మెరక మీద ఉందో, పక్క పల్లంలో ఉందో చూశాక మిగతాది మాట్లాడుకుందాం.